నంది బహుమానములు - గుణనిర్ణయ పద్ధతి

నాటకప్రయోగమును సభలో పరీక్షించి గుణాధికునకు బహుమానమొసగు ఆచారము భారతదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. భరతముని నాట్యశాస్త్రమున సిద్ధిలక్షణమును తెలుపు అధ్యాయమునందు ప్రాశ్నికులను పరీక్షకులను పేర్కొనినాడు. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్వేది, చిత్రకారుడు, వేశ్య, గాంధర్వవేత్త, రాజసేవకుడు అని వారు పదుగురు. వీరిలో ప్రతివారును తామెఱిగిన విషయమును గుఱించియే తీర్పు చెప్పవలయును. క్రతువు నభినయించిన తీరును యజ్ఞవేత్తయు, పాఠమందలి శబ్దదోషమును శబ్దవేత్తయు, స్వరతాళములను గాంధర్వవేత్తయు విచారింతురు. ప్రయోగమున సిద్ధులెన్ని, ఘాతములెన్ని యని లెక్కించిన పిమ్మటనే గుణాధికునకు పతాక ఈయబడును. ఇరువురి గుణములును సమానమైనచో ఏమి చేయవలయునో కూడ ముని చెప్పక విడువలేదు.

ఈ విధానమునుండి రెండు నియమములు తేలుచున్నవి. పరీక్షకుడు తానెఱిగిన శాస్త్రమునుబట్టి మాత్రమే మాటాడవలయుననుట మొదటిది. గుణదోషముల లెక్క ముందు, పతాక వెనుక అనుట రెండవది. లెక్క లేక ఇచ్చిన పతాక దానమగును గాని తీర్పు కాజాలదు. దానమునకు దాత యిష్టమే ప్రమాణము. తీర్పునకు హేతువు ప్రమాణము. తెలుగు చలనచిత్రములకు ప్రభుత్వములు ఏటేట ఒసగు బహుమానములను గుఱించి కొన్ని దశాబ్దులుగా జరుగుచున్న వాదప్రతివాదములు ఈ భేదమును గమనింపకపోవుటచేతనే ఎడతెగకున్నవి.

ఆంధ్రదేశపు రాజసభల కథలును ఈ నియమమునే బలపఱచుచున్నవి. శ్రీనాథుడు విజయనగరమున ప్రౌఢదేవరాయల ఆస్థానమునందు గౌడడిండిమభట్టును వాదమున గెలిచి కనకాభిషేకము పొందెననుట ప్రసిద్ధము. అల్లసాని పెద్దన సంస్కృతాంధ్రములు రెంటను నిండుసభలో ఆశువుగా కవిత్వము చెప్పి, కృష్ణరాయలు స్వహస్తములతో తొడిగిన గండపెండేరమును ధరించెనని చెప్పుదురు. వీనిలో చరిత్రాంశమెంత, జనశ్రుతి యెంత అను విచారము వేఱు. తెలుగువారు తరతరములుగా ఈ కథలను ఏ రూపమున నిలుపుకొనిరో అది గమనింపదగినది. రెంటను సన్మానమునకు ముందు పరీక్ష కలదు. ఆ పరీక్ష సభాసదుల కన్నులయెదుట జరిగినది. ఓడినవాడెందులకు ఓడెనో, గెలిచినవాడెందులకు గెలిచెనో అందఱెఱుగుదురు. బంగారమును పెండేరమును ఆ యెఱుకకు గుర్తులు మాత్రమే.

చలనచిత్రములకు ఇట్టి సన్మానము స్వతంత్రభారతమున ఏర్పడినది. 1953వ సంవత్సరపు చిత్రములు మొదలుకొని కేంద్రప్రభుత్వము బహుమానముల నీయసాగెను. ప్రాంతీయ భాషా చిత్రములకు ప్రత్యేక బహుమానము లేర్పడిన పిదప, 1954వ సంవత్సరపు తెలుగు చిత్రములలో కె. వి. రెడ్డిగారి "పెద్దమనుషులు" రాష్ట్రపతి రజతపతకమును పొందెను. అనంతరము ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1964లో నంది బహుమానములను నెలకొల్పెను. నాడు తెలుగు చిత్రములలో అధికభాగము మద్రాసునందే నిర్మింపబడుచుండెను. ప్రభుత్వము హైదరాబాదునందుండెను. చిత్రపరిశ్రమ యొకచోటను, దానిని ఆదరింపదలచిన రాష్ట్ర మొకచోటను ఉన్న ఆ కాలమున ఈ బహుమానము రెంటిని కలుపు సూత్రమయ్యెను.

బహుమానమునకు గుర్తుగా లేపాక్షి నందిని గ్రహించుట సముచితమైన యెన్నిక. లేపాక్షి వీరభద్రాలయము 16వ శతాబ్దికి చెందినది. దాని కెదురుగా కొంతదూరమున ఒక్క శిలయందే మలచిన ఆ మహానంది మెడలోని గంటలును హారములును శిల్పి యోపికకు సాక్ష్యము పలుకుచున్నవి. ఆ శిల్పిపేరు లోకమెఱుగదు; పని మాత్రము నిలిచినది. పనినిబట్టి మెచ్చుట, పేరునుబట్టి మెచ్చకుండుట అను నీతి ఆ గుర్తునందే ఇమిడియున్నదని చెప్పవచ్చును. ఉత్తమ చిత్రములకు స్వర్ణ, రజత, కాంస్య నందు లను మూడు తరగతు లేర్పడెను. ఈ తరతమభేదమును పాటించుటయే తీర్పును చెప్పుటకు పూనుకొనుట.

తొలి వత్సరముల యెన్నికలను చూచినచో పరీక్షకుల దృష్టి యెటు ప్రసరించెనో తెలియును. 1964వ సంవత్సరపు స్వర్ణనందిని పొందిన "డాక్టర్ చక్రవర్తి" కోడూరి కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణము" అను నవలను ఆధారముగా చేసికొని ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన చిత్రము. 1966లో ఆ గౌరవము బి. ఎన్. రెడ్డిగారి "రంగులరాట్నము"నకు దక్కెను; దాని రచనయందు పాలగుమ్మి పద్మరాజుగారి చేయి కలదు. 1967లో "సుడిగుండాలు" స్వర్ణనందిని గ్రహించెను. నవలాకారులును కథకులును చిత్రరచనలో పాల్గొనిన కాలమున, సాహిత్యగుణము గల చిత్రములకు ప్రభుత్వ బహుమానము అండగా నిలిచినదనుట ఈ యెన్నికలవలన స్పష్టమగుచున్నది. ఇందు "సుడిగుండాలు" విమర్శకుల మన్ననను పొందియు ధనమును ఆర్జింపజాలని చిత్రము. టిక్కెట్ల లెక్కకు అందని గుణమును బహుమానము గుర్తింపగలదనుటకు అది మంచి యుదాహరణము.

కాలక్రమమున ఈ బహుమానముల సంఖ్య పెరిగినది. 1977వ సంవత్సరపు చిత్రములనుండి ఉత్తమ నటుడు మొదలగు వ్యక్తిగత బహుమానములు వెలసెను. తెలుగు చలనచిత్రమునకు పితామహుడని పేర్గాంచిన రఘుపతి వెంకయ్యగారి పేర 1980లో జీవితకాల సేవకు పురస్కారమేర్పడెను. దర్శకుని తొలిచిత్రమునకును, బాలలచిత్రమునకును, జాతీయసమైక్యతను బోధించు చిత్రమునకును వేర్వేఱు బహుమానము లుండెను. అన్నిటికంటె విశేషమేమనగా, తెలుగు చలనచిత్రమును గుఱించిన ఉత్తమ గ్రంథమునకును, ఉత్తమ విమర్శకునకును కూడ నందులు కేటాయింపబడెను. చిత్రమును తీయుట యెంత పనియో, దానిని వివేచించి వ్రాయుటయు అంత పనియే యని ప్రభుత్వము అంగీకరించినదన్న మాట. ఇట్లు విమర్శకు పీట వేసిన సంస్థయే తన తీర్పులకు మాత్రము విమర్శను జతపఱుపలేదు. ఏటేట లోకమునకు చేరినది పేర్ల పట్టిక మాత్రమే.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో భావకులను నాలుగు విధములుగా విభజించెను. దేనిని రుచింపనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నిటిని మ్రింగువాడు సతృణాభ్యవహారి. పరుల గుణమునకు ఓర్వలేనివాడు మత్సరి. తత్త్వమునందు అభినివేశము గలవాడు తత్త్వాభినివేశి; అట్టివాడు వేలకొలదిలో ఒక్కడుండిన ఉండునని ఆ శాస్త్రకారుని యభిప్రాయము. బహుమాన నిర్ణేతలు ఈ నాలుగు తరగతులలో ఏ తరగతివారో తెలిసికొనుటకు వారు చెప్పిన హేతువు తప్ప వేఱు సాధనము లేదు. హేతువు వెలువడనంతకాలము తత్త్వాభినివేశిని సయితము లోకము మత్సరియనియో సతృణాభ్యవహారియనియో శంకించును. బహుమానములు తగ్గించి పంచినచో మొదటి నింద, విరివిగా పంచినచో రెండవ నింద తప్పవు. కాబట్టి హేతుప్రకటనము లోకమునకెంత మేలో నిర్ణేతలకును అంత రక్ష.

హేతువు లేకపోవుట కొక దోషము కాగా, కాలము మీఱుట మఱియొక దోషము. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము రెండుగా విభక్తమయ్యెను. నంది నిర్ణయములు పేరుకొనిపోయెను. 2012, 2013 సంవత్సరముల చిత్రములకు బహుమానములు 2017 మార్చిలో ప్రకటింపబడెను. ఆ సంవత్సరమే నవంబరులో 2014, 2015, 2016 సంవత్సరములకు ఒక్కమాఱుగా ప్రకటన వెలువడెను. దాని తరువాత ఏండ్ల తరబడి చలనచిత్రములకు నంది నిర్ణయములే లేకపోయెను. వార్షికమను మాటకు అర్థము చెడినది. చిత్రము ప్రేక్షకుల నోళ్లయందాడుచున్న దినములలో వచ్చిన తీర్పు వారి రుచిని దిద్దగలదు. కొత్త దర్శకునకు రెండవ చిత్రము దొరకుటకు తోడ్పడగలదు. ఐదేండ్లకు వచ్చిన తీర్పు చరిత్రగ్రంథమునకు అధోజ్ఞాపికగా మాత్రమే పనికివచ్చును.

2017 నవంబరు ప్రకటనమున 2014కు "లెజెండ్", 2015కు "బాహుబలి" మొదటి భాగము, 2016కు "పెళ్లిచూపులు" ఉత్తమ చిత్రములుగా నిర్ణయింపబడెను. వెంటనే చిత్రసీమయందు కలకలము పుట్టెను. తన "రుద్రమదేవి" ప్రధాన బహుమానములకు ఎందులకు తగకపోయెనని దర్శకుడు గుణశేఖరుగారు బహిరంగలేఖలో ప్రశ్నించిరి. ఆ చిత్రమున గోన గన్నారెడ్డి పాత్రను ధరించిన అల్లు అర్జునునకు గుణచిత్రనటుడను తరగతిలో బహుమానము లభించెను. ఆ ప్రశ్న న్యాయమైనదా కాదా యని నిర్ణయించుటకు లోకమునకు ఆధారమేదియు లేకుండెను. పక్షపాతము కలదన్నవారును లేదన్నవారును సమానముగా ఊహలమీదనే ఆధారపడిరి. వాదము చిత్రముల గుణములను విడిచి ఊళ్లకును, పార్టీలకును, కులములకును ప్రాకెను. హేతువు చెప్పవలసినచోట మౌనమున్నచో ఆ చోటును వదంతి ఆక్రమించుట లోకస్వభావము.

తెలంగాణమున వేఱొక పరిణామము కలిగినది. ప్రజాగాయకుడు గద్దరు 2023 ఆగస్టు 6వ తేదీన దివంగతుడయ్యెను. 2024 జనవరి 31వ తేదీన, ఆయన జయంతి సభయందు, ఇకపై చలనచిత్ర బహుమానములు గద్దరు పేర ఒసగబడునని తెలంగాణ ముఖ్యమంత్రి ప్రకటించిరి. ఇందొక విశేషము కలదు. "ఒరేయ్ రిక్షా" చిత్రమునకు వ్రాసిన పాటకు తనకు వచ్చిన నందిని గద్దరు స్వీకరింపలేదని ప్రసిద్ధి. పిమ్మట "జై బోలో తెలంగాణ" చిత్రమునందలి గానమునకు 2011వ సంవత్సరపు నంది ఆయన పేర ప్రకటింపబడెను. ప్రభుత్వము ఇచ్చు గౌరవము ఎట్టిదని ప్రశ్నించిన వ్యక్తియొక్క పేరే ప్రభుత్వ బహుమానమునకు పెట్టబడినది. ఇది విపరీతమని తలపనక్కఱలేదు. ఆ పేరు నిర్ణేతలకు నిత్యమొక హెచ్చరికగా ఉండదగినది. ఆయన పాట జనముయెదుట నిలిచి, జనముచేత ఒప్పించుకొని బ్రతికినది. ఆయన పేరిటి తీర్పును అట్లే జనముయెదుట నిలువవలయును.

2025 మే నెలాఖరున తొలి గద్దరు బహుమానములు ప్రకటింపబడెను. 2024వ సంవత్సరపు చిత్రములకు అన్ని తరగతులలోను, 2014 మొదలు 2023 వఱకు గడచిన పదేండ్లకు ఏటికి మూడేసి ఉత్తమ చిత్రములకును నిర్ణయములు జరిగెను. ఆ సంవత్సరము జూన్ 14వ తేదీన హైదరాబాదులోని హైటెక్స్ ప్రాంగణమున బహుమాన ప్రదానసభ జరిగెను. ఇట్లు 2014, 2015, 2016 సంవత్సరములకు ఒకే భాషా చిత్రములపై రెండు ప్రభుత్వముల తీర్పులు లోకమునెదుట నిలిచినవి. తెలుగు చలనచిత్ర చరిత్రలో ఇట్టి సన్నివేశము అపూర్వము. పరిశోధకులకు ఇది విలువగల యవకాశము.

రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో భేదము స్పష్టమగును. 2014కు నంది "లెజెండ్"ను మెచ్చగా గద్దరు బహుమానము "రన్ రాజా రన్"ను మెచ్చెను. 2015కు నంది "బాహుబలి"ని స్వర్ణాసనమున కూర్చుండబెట్టెను. గద్దరు నిర్ణేతలు "రుద్రమదేవి"ని ప్రథమముగను, "కంచె"ను ద్వితీయముగను, "శ్రీమంతుడు"ను తృతీయముగను ఎంచిరి. ఒక ప్రభుత్వము ప్రథమమని చెప్పిన చిత్రము మఱియొక ప్రభుత్వపు మూడు స్థానములలో ఎచ్చటను లేదు. 2016కు నంది "పెళ్లిచూపులు"ను ఎంచగా, గద్దరు బహుమానములలో "శతమానం భవతి" మొదటిది, "పెళ్లిచూపులు" రెండవది. మూడేండ్లలో ఒక్క యేటనైనను ప్రథమస్థానమున ఏకాభిప్రాయము లేదు.

ఈ భేదమే దోషమనుట తగదు. రుచిభేదము సహృదయులకు సహజము. ఒకే కావ్యమున ఒకరు రసమునకును, ఒకరు రీతికిని పెద్దపీట వేసిన అలంకారశాస్త్రము ఈ దేశమున బహుముఖముగా పెరిగినది. అయితే ఆలంకారికులు తమ మతమునకు హేతువులు వ్రాసిరి. కాబట్టి వారి భేదము శాస్త్రమయ్యెను. ఈ బహుమానముల భేదమునకు హేతువు లేనందున అది రెండు రుచుల భేదముగా గాక రెండు ప్రభుత్వముల భేదముగా కనబడుచున్నది. చిత్రములయొక్క గుణమును గుఱించి ఏమియు నేర్పక, పాలకుల యిష్టానిష్టములను గుఱించిన ఊహలను మాత్రము రేకెత్తించుచున్నది. నష్టపడినది విమర్శ.

2015వ సంవత్సరపు రెండు చిత్రములనే తీసికొని హేతువిచార మెట్లుండవచ్చునో చూడవచ్చును. "బాహుబలి" పూర్తిగా కల్పితలోకము. మాహిష్మతి యను పేరు పురాణప్రసిద్ధమేయైనను అందలి రాజ్యము కవికల్పితము. కాలకేయులకు ప్రత్యేకముగా "కిలికి" యను భాషనే కల్పించిరి. కొండయు, జలపాతమును, యుద్ధభూమియు దృశ్యముగా మహాకావ్యస్థాయిని అందుకొనినవి. కథాసంవిధానము ఇతిహాసపు అచ్చులో పోయబడినది. దానిని మెచ్చు నిర్ణేత కల్పనాశక్తికిని దృశ్యనిర్మాణమునకును అగ్రస్థానమిచ్చుచున్నానని చెప్పవలయును. చెప్పినపుడు, పాత్రల మాటలలో ఆ దృశ్యమునకు తగిన సాంద్రత కలదా యని మఱియొకరు అడుగగలరు.

"రుద్రమదేవి" చరిత్రను ఆశ్రయించినది. 13వ శతాబ్దిలో ఓరుగల్లును పాలించిన ఆ కాకతీయ రాణి శాసనములలో రుద్రదేవమహారాజను పురుషనామముతో కానవచ్చుచున్నది. ఆమె మరణమును సూచించు చందుపట్ల శాసనము 1289వ సంవత్సరమునకు చెందినది. ఆమెను పురుషునివలె పెంచుట అను కథాబీజము ఇట్టి యాధారములనుండి మొలచినది. గోన గన్నారెడ్డి అడవి బాపిరాజుగారి నవలవలన తెలుగు పాఠకులకు చిరపరిచితుడు. చిత్రమున ఆ పాత్రకు తెలంగాణపు పలుకుబడి నిచ్చుట సాహసమైన యెన్నిక. ఈ చిత్రమును మెచ్చు నిర్ణేత చరిత్రను ప్రజలకు చేర్చుటను, స్త్రీపాత్రను కథకు కేంద్రముగా నిలుపుటను గుణములుగా పేర్కొనవలయును. శాసనమునకును చిత్రమునకును నడుమనున్న దూరమెంత, దృశ్యనిర్మాణము సంకల్పమునకు తగినట్లున్నదా యని అతడును జవాబు చెప్పవలసియుండును. ఇట్టి రెండు హేతుపత్రములు ప్రక్కప్రక్కన అచ్చయినచో, ఎవరు గెలిచిరను ప్రశ్నకంటె చారిత్రక చిత్రమును ఏ కొలతతో కొలువవలయునను ప్రశ్న ముందునకు వచ్చియుండెడిది.

హేతువాక్యము వ్రాయుట అసాధ్యమనువారికి ఢిల్లీ బహుమానములే సమాధానము. కేంద్రప్రభుత్వపు చలనచిత్ర బహుమానములలో ప్రతి నిర్ణయముతోను క్లుప్తమైన యోగ్యతావాక్యము జతగా ఉండును. అవి కొన్నిమాఱులు స్తుతివాక్యములుగా మిగులుచున్న మాట నిజమే. అయినను వానివలన ఏ గుణమునకు బహుమానము వచ్చెనో తెలియును. 2016వ సంవత్సరపు చిత్రములలో "పెళ్లిచూపులు" ఉత్తమ తెలుగు చిత్రముగను, సంభాషణ రచనకును అచ్చట బహుమానములు పొందెను. "శతమానం భవతి" ఆరోగ్యకరమైన వినోదమును అందించు జనాదరణచిత్రమను తరగతిలో గౌరవము పొందెను. హైదరాబాదు, అమరావతి తీర్పులలో పోటీదారులుగా కనబడిన ఈ రెండు చిత్రములు అచ్చట పోటీపడలేదు. గుణమునకు పేరుపెట్టినచో, రెండు గుణములకు రెండు స్థానములు సులభముగా దొరకుననుటకు ఇది తార్కాణము.

2023వ సంవత్సరమునకు గద్దరు బహుమానములలో ప్రథమస్థానమున నిలిచిన "బలగం" ఇంకొక యుదాహరణము. ఎల్దండి వేణుగారు దర్శకత్వము వహించిన ఈ చిత్రమున కథ యొక పల్లెలోని వృద్ధుని మరణముతో మొదలగును. పిండమును కాకి ముట్టకపోవుటయే కథకు ముడి. చీలిన కుటుంబము కలిసికొనుటయే దాని విప్పు. చివర బుడగజంగాల కళాకారులు పాడు పాట, మృతుని బ్రతుకును వారసుల యెదుట నిలిపి, కథ నంతటిని ఒక్కచోట కూర్చును. శాస్త్రదృష్టితో చూచినచో ఇందు కరుణరసమునకు జానపద గానసంప్రదాయము ఉద్దీపనముగా మాత్రమే గాక కథానిర్వహణమునకు సాధనముగా కూడ వాడబడినది. బహుకాలము తెలుగు తెరపై హాస్యపాత్రలకో ప్రతినాయకులకో పరిమితమైన తెలంగాణపు పలుకుబడి ఇందు దుఃఖమును, అభిమానమును, పశ్చాత్తాపమును భరించెను. భాషాచరిత్రమునందు ఇది గుర్తింపదగిన ఘట్టము. దీనికి ప్రథమస్థానము వచ్చినదన్న వార్త ఒక దినమున ముగియును. ఎందులకు వచ్చెనో నిర్ణేతలు రెండు పుటలు వ్రాసియుండినచో అది భావితరమునకు పాఠమయ్యెడిది.

హేతుప్రకటనమునకు విరుద్ధముగా రెండు మాటలు వినబడుచుండును. హేతువు వ్రాసినచో దానినే పట్టుకొని ఓడినవారు కలహింతురనుట మొదటిది. కలహము ఇప్పుడును కలదు. హేతువుమీద జరుగు కలహము విమర్శగా పరిణమించును. హేతువు లేని కలహము నిందగా మిగులును. ఈ రెంటిలో దేనిని కోరవలయునో చెప్పనక్కఱలేదు. ప్రేక్షకుడు రొక్కమిచ్చి కొన్న టిక్కెట్టే చిత్రమునకు నిజమైన తీర్పు, బహుమానము అనవసరము అనుట రెండవ మాట. టిక్కెట్టు ఎంతమంది చూచిరో చెప్పును. ఏమి చూచిరో చెప్పదు. "సుడిగుండాలు"నకు 1967లో ప్రభుత్వపు తీర్పు ఎట్లు అక్కఱపడెనో, పెద్దనటులు లేని "కేరాఫ్ కంచరపాలెం"నకు అట్లే అక్కఱపడును. 2018వ సంవత్సరపు గద్దరు బహుమానములలో ఆ చిత్రము "మహానటి", "రంగస్థలం" అను ప్రసిద్ధ చిత్రముల వెంట మూడవ స్థానమున నిలుచుట టిక్కెట్ల తీర్పునకు అందని పని.

ఇక బహుమాన ప్రదానసభ నడచు తీరును విచారింపవలసియున్నది. ఇట్టి సభలకు జనము వచ్చునది తారలను చూచుటకు. నృత్యములును, ప్రముఖుల ప్రసంగములును, జయధ్వానములును సభకు శోభ. శోభ తప్పు కాదు. పతాకకును ఊరేగింపు ఉండియుండును. కాని సంకలనకర్తయు, శబ్దగ్రాహకుడును, మాటలు వ్రాసినవాడును వేదిక నెక్కి దిగునపుడు, వారు చేసిన పని యేమియో సభకు తెలియవలయును. పేరు పిలిచిన పిమ్మట, నిర్ణేతలలో ఆ శాస్త్రమెఱిగినవారొకరు నాలుగు వాక్యములలో హేతువును చదివినచో కాలమెంతయో పట్టదు. భరతుని ప్రాశ్నికుల విధానమునకు అదియే నేటి రూపము. పదుగురు కలిసి గుంపుగా తలయూపుట దానికి రూపము కాదు.

చదివిన హేతువులు పుస్తకరూపమున నిలుచుటయు ఆవశ్యకము. తెలుగు చలనచిత్రమునకు వ్రాతమూలమైన ఆధారముల కొఱత ఎంత నష్టము చేసెనో "భక్తప్రహ్లాద" చరిత్ర చెప్పుచున్నది. హెచ్. ఎం. రెడ్డిగారి ఆ తొలి తెలుగు మాటలచిత్రము 1931 సెప్టెంబరు 15వ తేదీన విడుదలయ్యెనని బహుకాలము నమ్మబడెను. ఆనాటి పత్రికలను, సెన్సారు వివరములను వెదకిన పిమ్మటగాని అది 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో తొలుత విడుదలయ్యెనని తేలలేదు. ఒక్క తేదీని సరిదిద్దుటకే దశాబ్దులు పట్టినపుడు, ఒక తరమువారి రుచియెట్టిదో, దేనిని ఎందులకు మెచ్చిరో తెలియుటకు ఎంత శ్రమపడవలయునో ఊహింపవచ్చును. 1964 మొదలు నేటివఱకు ప్రతి నిర్ణయమునకును హేతుపత్రము నిలిచియుండినచో, తెలుగువారి దృశ్యసాహిత్యాభిరుచికి ఆఱు దశాబ్దుల చరిత్ర చేతికందియుండెడిది. నేడు చేతనున్నది బిరుదుల జాబితా.

కావున బహుమానము నందియైనను, గద్దరు పేరిటిదైనను, పేరువలన దానికి గౌరవము రాదు. పేరే దానివలన గౌరవమును పొందవలయును. ఏటి తీర్పు ఆ యేటనే వెలువడుట, ప్రతి తీర్పును హేతువుతో వెలువడుట, హేతువులన్నియు ఒక సంపుటముగా అచ్చగుట - ఈ మూడును జరిగినచో రెండు రాష్ట్రములు రెండు చిత్రములను మెచ్చినను తెలుగు విమర్శకు లాభమే కలుగును. అవి జరుగనంతకాలము ఆ లోహపు ప్రతిమలు అందుకొనినవారి యిండ్ల బీరువాలలో మెఱయుచునే యుండును. అవి ఎందులకు అచ్చట చేరినవో చెప్పువారు మాత్రము ఉండరు.